నల్లమద్ది హాకా

నల్లమద్ది ఊళ్లో స్టీలు కంచం వాడని ఇల్లు ఉప్పలమ్మది ఒక్కటే. కొనలేక కాదు. ఆమె భర్త మొండయ్య బొగ్గుగనిలో పనిచేసి దిగిపోయిన రోజున తోటి కార్మికులంతా కలిసి పెద్ద స్టీలు సామాను పెట్టె ఇచ్చారు. కట్టిన తాడు కూడా విప్పకుండా అది అటక మీద ఉంది. ఆ ఇంట్లో ముగ్గురూ ప్లాస్టిక్ పళ్లేల్లో తింటారు. చుట్టాలొస్తే విస్తళ్లు వేస్తారు. చేయి జారి కింద పడితే ఠంగుమనే వస్తువేదీ ఉప్పలమ్మ గడప దాటి లోపలికి రాదు. పక్కింటికి కొత్తగా కాపురానికొచ్చిన కోడలు ఒకసారి స్టీలు గిన్నెలో కూర తెచ్చిస్తే, వాకిట్లోనే కూర వంచుకుని గిన్నె తిప్పి పంపేసింది. ఆ పిల్ల చిన్నబుచ్చుకుంది. అత్త కూర్చోబెట్టి సంగతి చెప్పాక, తర్వాత ఎప్పుడు ఏం తెచ్చినా ఆకులో చుట్టి తెచ్చింది.

ఆ సంగతి మీకు చెప్పాలంటే ముందు హాకా గురించి చెప్పాలి.

వేరే ఊళ్లలో పెళ్లికొడుకును ఊరేగిస్తారు. నల్లమద్దిలో ఊరే ఊరేగుతుంది. మణుగూరు దాటాక అడవి మొదలయ్యే చోట ఉన్న ఊరది. పెళ్లికి ముందురోజు పొద్దు వాలుతుండగా జనమంతా మిరప చేలు దాటి అడవి అంచుకు పోతారు. అక్కడ చెట్లకు వీపు, ఊరికి ముఖం పెట్టి, మనిషి పక్కన మనిషి వరుస కడతారు. చేతుల్లో డప్పులు, డబ్బాలు, కంచాలు, గరిటెలు, ఏది దొరికితే అది. పెళ్లింటి ఇల్లాలు వరుస మధ్యలో నిలబడి మొదటి దెబ్బ కొట్టాలి. ఆమె కొట్టిందాకా ఎవరూ కొట్టకూడదు. ఆమె కొట్టాక ఇక పట్టపగ్గాలుండవు. కేకలు వేస్తూ, వాయిస్తూ, చేలన్నీ దాటుకుంటూ వరుస వరుసంతా పెళ్లి పందిరి దాకా నడిచొస్తుంది. దాన్నే హాకా అంటారు.

ఆ మాట పెళ్లిళ్లను దాటి అన్నిటికీ పాకింది. సర్పంచి గెలిస్తే హాకా, పిల్లలు క్రికెట్‌లో నెగ్గితే హాకా, ఎవరింట్లోనైనా నలుగురు చేరి పకపకా నవ్వితే ఏం హాకా నడుస్తుందే అని గోడ మీదుగా తొంగి చూస్తారు. మాట ఎక్కడిదో మాత్రం ఎవరికీ పట్టలేదు. కుర్రాళ్లు ఫోన్‌లో కొట్టి చూస్తే, ఎక్కడో సముద్రాల అవతల మనుషులు తొడలు చరుచుకుంటూ నాలుకలు బయటపెట్టి ఆడుతున్న వీడియో వచ్చింది. ఇది మనదేనని మురిసిపోయి, తామూ నాలుకలు బయటపెట్టి ఫోటోలు దిగి, నాలుగు రోజులకు మర్చిపోయారు.

ఉప్పలమ్మ కొడుకు ప్రేమ్‌సాగర్ అలాంటి ఒక హాకాలోనే పోయాడు.

అది పక్క వీధి రామ్‌సింగ్ కూతురి పెళ్లి. ఊళ్లోకి డీజే బండి రావడం అదే మొదలు. మనిషంత ఎత్తు పెట్టెలు ట్రాలీలో పెట్టి, వరుస వెనకాలే చేను గట్ల మీదుగా ట్రాక్టరుతో లాక్కొస్తుంటే జనానికి వెర్రెత్తిపోయింది. ఐటీఐ పూర్తిచేసి పని కోసం చూస్తున్న ప్రేమ్‌సాగర్ ఇంట్లోంచి తను అన్నం తినే కంచం ఎత్తుకుపోయి వరుస చివర నిలబడ్డాడు. చివర నిలబడటం వయసు పిల్లలకు పంతం. ఆ చివరన, చేలో, పాడుబడ్డ బావి ఒకటి ఉండేది. గట్టు ఎప్పుడో కూలిపోయి చుట్టూ కంప మొలిచింది. అక్కడ ఉన్నదని తెలిసినవాళ్లకు తప్ప కనపడదు. ప్రేమ్‌సాగర్‌కు తెలుసు. వెనక్కి నడుస్తూ ఆడాడో, ఎవరినో ఉడికించి పరిగెత్తాడో, అందులో పడ్డాడు. నీళ్లు లేవు. అన్నీ రాళ్లే.

ఆ సాయంత్రం ఉప్పలమ్మ కూడా వరుసలో ఉంది. అందరూ పందిరి దగ్గరికి చేరుకున్నాక, ఒక పాట అయిపోయి ఇంకో పాట మొదలయ్యే సందులో, వెనక చేల అవతల నుంచి ఆమెకు కంచం చప్పుడు వినిపించింది. ఠణ్, ఠణ్, ఠణ్ అని. కొడుకు చేతి దెబ్బ తల్లికి తెలియకపోతుందా! పక్కనున్నావిడను మోచేత్తో పొడిచి, "మావోడు ఇంక ఆపలే సూడు, ఎంత కుషీల ఉన్నడో," అని నవ్వింది. అంతలో పాట అందుకుంది. ఆమె కూడా కొంగు బిగించి ఆడింది.

మర్నాడు పొద్దున తీశారు. పడగానే పోలేదని, చాలాసేపు ప్రాణం ఉన్నదని దవాఖానాలో చెప్పారు. వాళ్లు చెప్పనక్కర లేదు. కంచం అంచు చుట్టూతా నొక్కుకుపోయి ఉంది. బావి రాళ్లకేసి కొట్టి, ఒక పక్క వంగిపోతే ఇంకో పక్కకు తిప్పి కొట్టాడు. అరిస్తే వినపడదని తెలిసి కంచాన్ని నమ్ముకున్నాడు. ఊరంతా కంచాలు కొడుతున్న పూట కంచం కొట్టి పిలిస్తే ఎవరికి అర్థమవుతుంది?

ఊరివాళ్లు ఆ బావిని రాళ్లూ మట్టీ పోసి పూడ్చేశారు. అక్కడితో అయిపోయి ఉంటే బాగుండేది. ఆ తర్వాత ఊళ్లో ఎవరింటి హాకా జరిగినా, పాటకూ పాటకూ మధ్య సందులో ఉప్పలమ్మకు ఆ చప్పుడు వినిపించడం మొదలైంది. అదే వైపు నుంచి, అదే దెబ్బ. తలుపులు బిగించుకుంది. చెవుల్లో దూది కుక్కుకుంది. కొత్తగూడెం తీసుకుపోయి డాక్టరుకు చూపించారు. చర్ల వైపు ఎవరో తాయెత్తు కడతారంటే కట్టించారు. ఏదీ పనిచేయలేదు. చివరికి ఊళ్లో పెళ్లి ఉందంటే చాలు, బస్సెక్కి భద్రాచలం, అక్కడి నుంచి పర్ణశాల పోయి గోదావరి ఒడ్డున కూర్చోవడం అలవాటు చేసుకుంది. సీతమ్మ చీర ఆరేసిందని యాత్రికులకు చూపించే రాళ్లకు కాస్త ఎడంగా ఆమె చోటు. అక్కడ జనం ఎంత గోల చేసినా ఆమెకు బాధ లేదు. ఆ గోలలో కంచం చప్పుడు లేదు.

అలా ఎన్నో పెళ్లిళ్లు తప్పించుకున్న ఉప్పలమ్మ కన్నకూతురి పెళ్లి దగ్గర దొరికిపోయింది.

అన్న పోయేనాటికి మధులత బడికి పోయే పిల్ల. ఇప్పుడు భద్రాచలంలో ఒక దవాఖానాలో నర్సు. ఇల్లెందు నుంచి సంబంధం వచ్చింది, పిల్లవాడు నెమ్మదస్తుడు, అందరికీ నచ్చాడు. ఉప్పలమ్మ మనసులో అంతా అమర్చేసుకుంది. భద్రాచలం రాముడి ముందు పెళ్లి, అక్కడే భోజనాలు, అటునుంచి అటే అత్తారింటికి. ఊళ్లో పందిరి వేసేది లేదు, చప్పుడు లేదు. మధులత అన్నిటికీ తలూపుతూ వచ్చింది. చీరలు కూడా కొన్నారు. అప్పుడు ఒకరోజు అన్నానికి కూర్చుని, ప్లాస్టిక్ పళ్లెం కాస్త ముందుకు తోసి చెప్పింది.

"అన్న పోయిన కాణ్నుంచి ఈ ఇంట్ల మనం గట్టిగ మాట్లాడలే అమ్మా. నవ్వొస్తే నీ మొఖం సూసి ఆపుకునుడే. ఇప్పుడు నేను గూడ సప్పుడు లేకుంట పోవాల్నా? నాకు హాకా కావాలె. మొదటి దెబ్బ నువ్వే కొట్టాలె. లేకుంటే ఈ పెళ్లే వద్దు."

ఏడ్చి చెప్పి ఉంటే ఉప్పలమ్మ ఓదార్చేది, అరిచి ఉంటే తిట్టేది. ఆ పిల్ల దవాఖానాలో రోగి తాలూకు మనుషులకు చెప్పినట్టు నిదానంగా చెప్పి, పళ్లెం దగ్గరికి లాక్కుని తినేసి, డ్యూటీకి వెళ్లిపోయింది. అన్న మాట వెనక్కి తీసుకునే రకం కాదని కన్నతల్లికి తెలుసు. ఉప్పలమ్మ ఎటూ పోలేని చోట ఇరుక్కుంది. హాకా పెడితే ఆ చప్పుడు వినాలి, ఈసారి పర్ణశాల లేదు. పెట్టకపోతే మిగిలిన ఒక్క బిడ్డ పెళ్లి ఆగిపోతుంది.

మొండయ్యతో మొర పెట్టుకుంది. గనిలో మందు పేలుళ్ల మోతకు చెవులు సగం పోగొట్టుకున్న మనిషి ఆయన. కొడుకు పోయాక ఆ మిగిలిన సగం కూడా వాడటం మానేశాడని ఆమెకు లోలోపల కోపం. చెప్పిందంతా విని ఒక్క మాట అన్నాడు. అసలు హాకా అన్నది మన మాట కాదట. పులుల షికారుకొచ్చే దొరల నాటి మాటట. దుమ్ముగూడెంలో కూతురి దగ్గర ఉంటున్న ముసలయ్యకు అవన్నీ తెలుసట.

ఉప్పలమ్మ ఆ మాట పట్టుకుంది. తామిద్దరూ కరీంనగర్ వైపు నుంచి గని పని కోసం వచ్చి నల్లమద్దిలో ఇల్లు కట్టుకున్నవాళ్లు. ఊరు ఏం చేస్తే అది చేశారు, ఏమంటే అది అన్నారు. షికారు మాట అంటే చంపే మాట కదా! చంపే మాటను పెళ్లి ముందర పలకడమేమిటి? ఈ సంగతి ముసలయ్య నోటితోనే చెప్పిస్తే, హాకా అపశకునమని ఊరే మానేస్తుంది. అప్పుడు తను వద్దన్నట్టూ ఉండదు, కూతురు పట్టుబట్టడానికీ ఉండదు. తెల్లవారగానే బస్సెక్కింది. సారపాక వచ్చింది, బ్రిడ్జి వచ్చింది, కింద గోదావరి నిండుగా పారుతోంది. దాటిన ప్రతిసారీ చేతులెత్తి దండం పెట్టే మనిషి ఆ పూట దండం కూడా మర్చిపోయింది.

ముసలయ్య పుట్టింది పెరిగింది నల్లమద్దిలోనే. ప్రేమ్‌సాగర్ పోవడానికి చాలాముందే ఊరొదిలాడు. కాళ్లు పడిపోయాయి, చూపు మసకబారింది, చెవులు మాత్రం పదిలంగా ఉన్నాయి. వాకిట్లో నులక మంచం మీద పడుకునే, ఏ ఇంట్లో బర్రె గొలుసు తెంచుకుందో చెబుతాడని కూతురు గొప్పగా చెప్పింది. ఉప్పలమ్మ తాను ఫలానా మొండయ్య భార్యనని చెప్పుకుని, తెచ్చిన అరటిపళ్లు చేతిలో పెట్టి, హాకా అంటే ఏమిటి తాతా అని అడిగింది. ముసలాయన ముఖం వెలిగింది. అలాంటివి అడిగేవాళ్లు రావడం మానేసి ఎన్నాళ్లయిందో. కూతురి చేయి పట్టుకుని లేచి కూర్చున్నాడు.

తన చిన్నతనంలో అడవికి దొరలు షికారుకు వచ్చేవారట. వచ్చారంటే నల్లమద్ది మొత్తాన్ని వెట్టికి తోలుకుపోయేవాళ్లు. దొర ఒక చివర మంచె మీద తుపాకీతో కూర్చుంటాడు. ఊరు రెండో చివర అడవిలో వరుస కట్టి, డప్పులూ డబ్బాలూ కొట్టుకుంటూ, కేకలు వేస్తూ, పులిని ఆయన ముందుకు తోలాలి. ఆ తోలడమే హాకా. చంటిపిల్లల తల్లులను కూడా వదిలేవాళ్లు కాదట. దొర చేతిలో తుపాకీ ఉంటుంది, వరుసలో ఉన్నవాడి చేతిలో డబ్బా తప్ప ఏమీ ఉండదు. పులికి తిక్క పుట్టి వెనక్కి తిరిగిందంటే ఎవడో ఒకడు అయిపోయినట్టే.

ఉప్పలమ్మ ప్రాణం తేలికపడింది. కావలసింది దొరికింది. చంపే మాటే కాదు, వెట్టి మాట కూడా. ఇటువంటిది ఆడపిల్ల పెళ్లిలోనా అని ఊరందరినీ నిలదీయవచ్చు. వెళ్లొస్తా తాతా అని లేవబోయింది. ముసలయ్యకు చిర్రెత్తుకొచ్చింది. సగం విని లేచిపోవడానికేనా అంత దూరం నుంచి వచ్చిందని కసిరి, మొత్తం విని పొమ్మని కూర్చోబెట్టాడు.

ఊరికే వాయించుకుంటూ పోయేది హాకా కాదన్నాడాయన. కాసేపు కొట్టాలి, ఆపాలి, ఆపి చెవి పెట్టాలి. మధ్యలో ఉన్న మనిషి ఒక దెబ్బ కొడితే వాడి పక్క మనిషి, ఆ పక్క మనిషి, అలా రెండు వైపులా చివరిదాకా ఒక్కో దెబ్బ పోతుంది. చివరివాడి చప్పుడు చెవిన పడ్డాకే వరుస అడుగు వేయాలి. అడవిలో మనిషికి మనిషి కనపడడు కదా, పక్కవాడు ఉన్నాడో లేడో తెలిసేది అలాగే. ఎవడి దగ్గరైనా చప్పుడు తెగిందా, వరుస అంతా ఎక్కడిదక్కడ నిలబడిపోవాలి. దొర మంచె మీద నుంచి బూతులు తిట్టనీ, తర్వాత చెట్టుకు కట్టి కొట్టించనీ, ఆ మనిషి దొరికిందాకా ఎవరూ కదలరు.

"కొట్టుడు పులి కోసం బిడ్డా. ఆపుడు మనిషి కోసం," అన్నాడు.

ఒకసారి బిచ్యా అనే పడుచువాడి దగ్గర చప్పుడు తెగిందట. వరుస ఆగిపోయింది. వెతగ్గా వెతగ్గా పాత గోతిలో కాలు విరిగి, నోట మాట రాక పడి ఉన్నాడు. భుజాల మీద మోసుకొచ్చారు. ఈలోగా పులి తన దారిన తాను పోయింది, దొర ఊరందరి వీపులూ చిట్లగొట్టించాడు. ఆ బిచ్యా తర్వాత పెళ్లి చేసుకుని, మనవళ్లను ఎత్తుకుని, పండు ముసలివాడై పోయాడని చెప్పి ముసలయ్య బోసినోటితో నవ్వాడు. ఉప్పలమ్మ నవ్వలేదు. గోతిలో పడ్డవాణ్ని తీశారన్న మాట దగ్గరే ఆమె ఆగిపోయింది.

ఇంకా ఉంది వినమన్నాడు. వరుస అడవి దాటి బయలులోకి వచ్చాక, అందరిలోకి పెద్దవాడు అందరొచ్చిన్రా అని గట్టిగా అడగాలట. మొదటి దెబ్బ కొట్టిన మనిషి ఆ చివరా ఈ చివరా చూసుకుని, అందరొచ్చిన్రు అని జవాబు చెప్పాలట. ఆ మాట వచ్చిందాకా కల్లు లేదు, తిండి లేదు, కూర్చోవడం కూడా లేదు. వచ్చాక మాత్రం అవే డప్పులు, అవే డబ్బాలు. ఇప్పుడు పులి కోసం కాదు, తమ కోసం. ఒంటి మీది వాతలు కూడా మర్చిపోయి ఆడేవాళ్లట. షికార్లు పోయాయి, దొరలు పోయారు. ఊరు ఆ ఆటను మాత్రం పెళ్లిళ్లకు దాచుకుంది.

"మీరు కుషీ కుషీ అంటరు సూడు, గది ఇదే," అన్నాడు ముసలయ్య. "పులి సచ్చినందుకు గాదు. పోయినోళ్లందరు తిరిగొచ్చినందుకు."

 కొడుకు సంగతి చెప్పకూడదనుకునే ఉప్పలమ్మ వచ్చింది, కానీ నోరు ఆగలేదు. కొడుకు సంగతి, డీజే పెట్టెలు, పాట సందులో విని తను నవ్విన నవ్వు, అంచు వంగిన కంచం, ఇప్పటికీ వినిపించే చప్పుడు, అన్నీ చెప్పేసింది. నీకు మనసు బాగాలేదమ్మా అంటాడేమోనని చూసింది. అందరూ ఆ మాటే అన్నారు. ముసలయ్య అనలేదు. మసక కళ్లు ఆమె వైపు తిప్పి అడిగాడు.

"పందిరి కాడికొచ్చినంక, అందరొచ్చిన్రా అని ఎవ్వరు అడగలే?"

"లేదు తాతా. పెట్టెలు మోగుతనే ఉన్నయి."

"అయితే ఆ హాకా ఇంక అయిపోలే బిడ్డా. పిలగాడు వరుసలనే ఉన్నడు. మీరు ఆపినప్పుడల్లా వాని వంతు వాడు కొడుతున్నడు. జవాబియ్యంది మీరే."

తిరుగు బస్సులో ఆమెకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. డీజే మీద, ఊరి మీద, గట్టు లేని బావి మీద, మాట తెచ్చుకుని అందులోని మనిషిని ఎక్కడో పారేసుకున్న జనం మీద. అన్నిటికన్నా తన మీద. ఇన్నేళ్లూ ఆ చప్పుడును పీడ అనుకుంది. తాయెత్తు కట్టుకుంది. వాడు పిలిచిన ప్రతిసారీ, తల్లి అయ్యుండి, బస్సెక్కి పారిపోయింది. భద్రాచలంలో బస్సు మారేటప్పుడు ఎవరో తోసినా, సీటు దొరక్క నిలబడినా ఆమెకు తెలియలేదు. నల్లమద్ది వచ్చిందని కండక్టరు రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

ఇంటికి రాగానే ట్రంకుపెట్టె తెరిచింది. అడుగున, పాత చీరలో చుట్టి, ప్రేమ్‌సాగర్ బావిలో కొట్టిన ఆ కంచం ఉంది. తీసి మొండయ్య ముందు పెట్టింది. ఆయన దాన్ని చూసి ముఖం తిప్పుకోబోతే, గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుని, పనిచేసే చెవిలో ముసలయ్య చెప్పిందంతా పూసగుచ్చినట్టు చెప్పింది. మొండయ్య విన్నాడు. విని, ఆ చప్పుడు గురించి ఇన్నేళ్లలో ఒక్కసారీ అడగనిది అడిగాడు, ఏ దిక్కు నుంచి వస్తుందని. పూడ్చిన బావి దిక్కు నుంచి అని చెప్పింది. అయితే ఆ చివర నేను నిలబడతానన్నాడు.

హాకా ఉందని తెలిసి మధులత తల్లిని చుట్టుకుపోయింది. డీజే ఉండదని తెలిసి కుర్రాళ్లు మూతులు ముడిచారు. పెట్టెలు లేకుండా హాకా ఏమిటి, నడుమ ఆపడమేమిటి, ఇదేమైనా బడి ప్రేయరా అని ఎకసెక్కాలాడారు. వాళ్ల నోళ్లు మూయించింది రామ్‌సింగ్. తన కూతురి పెళ్లి హాకాలో పోయిన ఆ పిల్లవాడి బరువు ఆయన కూడా మోస్తూనే ఉన్నాడు. ఉప్పలమ్మ దగ్గర తెలుసుకుని గడప గడపకూ తిరిగి, ఎలా కొట్టాలో, ఎప్పుడు ఆపాలో చెప్పి, ఒప్పించి వచ్చాడు. పందిరి ఉప్పలమ్మ ఇంటి ముందే వేశారు.

ముందురోజు సాయంత్రం మధులత ఒంటి నిండా పసుపుతో పందిరి గుంజ పట్టుకుని నిలబడి ఉండగా, ఊరు మిరప చేలు దాటి అడవి అంచున వరుస కట్టింది. మధ్యలో ఉప్పలమ్మ, ఆమె పక్కన డప్పుతో రామ్‌సింగ్. పూడ్చిన బావి వైపు చివరన మొండయ్య, చేతిలో పాత నూనె డబ్బా. ఆయన వెనక నేల కాస్త ఎత్తుగా, గడ్డి మొలిచి ఉంది. ప్రేమ్‌సాగర్ పోయినప్పటి నుంచి ఆ చివర ఎవరూ నిలబడలేదు.

ఉప్పలమ్మ చేయి లేవలేదు. కంచం చేతిలో ఉంది, గరిటె చేతిలో ఉంది, ఊరు చూస్తోంది. పారిపోవాలనిపించింది, నిజంగానే. కాళ్లు రోడ్డు వైపు లాగాయి. దూరంగా పందిరి కింద పసుపుముద్దలా కనిపిస్తున్న కూతురిని చూసి, కళ్లు మూసుకుని కొట్టింది. వంగిన అంచు మీద దెబ్బ పగిలినట్టు మోగింది. ఊరంతా అందుకుంది. కొంతసేపు చెవులు హోరెత్తాయి. తర్వాత రామ్‌సింగ్ చేయి ఎత్తితే అందరూ ఆపారు.

అలవాటు లేని మౌనం కదా, మొదట ఇబ్బంది పడ్డారు. ఎవడిదో ఫోను మోగింది, పక్కవాడు లాక్కుని నొక్కేశాడు. ఉప్పలమ్మ ఒక దెబ్బ కొట్టింది. పక్కన రామ్‌సింగ్ ఒకటి. ఆ పక్కన ఒకటి. దెబ్బలు రెండు వైపులా ఒకదాని వెనక ఒకటి నడుచుకుంటూ పోయాయి. అటు చివర అయింది. ఇటు చివర మొండయ్య డబ్బా కొట్టాడు. అయిపోయిందనుకుని జనం అడుగు వేయబోయారు. మొండయ్య చేయి ఎత్తాడు.

"ఆగుర్రి. ఇంకొకడున్నడు."

ఎన్నాళ్లుగానో నలుగురిలో నోరు తెరవని మనిషి గొంతు అది. వరుస నిలిచిపోయింది. ఒక్కరు కదలలేదు, ఒక్కరు దగ్గలేదు. నల్లమద్ది అంత నిశ్శబ్దంగా ఉండటం ఊరు పుట్టాక అదే మొదలేమో. చంకలో పిల్లలు కూడా ఊరుకున్నారు. అప్పుడు, మొండయ్య వెనక నుంచి, ఠణ్ అని ఒక్క దెబ్బ వినిపించింది.

విన్నామని తర్వాత చెప్పినవాళ్లు ఉన్నారు. గాలికి ఎక్కడో రేకు కొట్టుకుందన్నవాళ్లూ ఉన్నారు. వాళ్లతో వాదన దండగ. సగం చెవుల మొండయ్య గిరుక్కున వెనక్కి తిరిగి చూశాడు, అది చాలు.

ఉప్పలమ్మ ఈసారి చెవులు మూసుకోలేదు. కంచం ఎత్తి జవాబు కొట్టింది. వరుస కదిలింది. మిరప చేలో ఆగారు, దెబ్బలు వరసగా పోయాయి, అందరిదీ అయ్యాక ఆ ఒక్కటి వినిపించింది. కాలువ గట్టు దగ్గర ఆగారు, మళ్లీ వినిపించింది. ఇప్పుడు అది బావి దగ్గర లేదు. వరుసతో పాటే నడిచొస్తోంది. ఉప్పలమ్మకు వెనక్కి తిరిగి చూడాలని ఉంది, చూస్తే ఆగిపోతుందేమోనని భయంగానూ ఉంది. చూడలేదు. పక్కన రామ్‌సింగ్ డప్పు కొడుతూనే ఏడుస్తున్నాడు.

పందిరి ముందుకు చేరేసరికి వెలుగు పూర్తిగా పోలేదు. అందరూ నిలబడ్డారు. ఇంటి పెద్దగా మొండయ్య చివర నుంచి నడిచొచ్చి, ఉప్పలమ్మకు ఎదురుగా నిలబడి అడిగాడు.

"అందరొచ్చిన్రా?"

ఉప్పలమ్మ అప్పుడు వెనక్కి తిరిగింది. చేలు మసకగా ఉన్నాయి. కాలువ గట్టు ఉంది, దాని అవతల అడవి ఉంది, మనిషి లేడు. ముసలయ్య చెప్పనిది అప్పుడు ఆమెకు అర్థమైంది. వచ్చారని చెబితే హాకా అయిపోతుంది. అయిపోతే ఆ చప్పుడు ఇక ఉండదు. ఇన్నేళ్లూ దాని నుంచి పారిపోయింది గానీ, అది కొడుకు చప్పుడు. లోకంలో వాడిది మిగిలిందంటూ ఉంటే అదొక్కటే. దాన్ని తన నోటితో తానే ఆపేయాలి. కంచాన్ని రొమ్ముకు అదుముకుంది. మొండయ్య మళ్లీ అడిగాడు. పందిరి గుంజ దగ్గర మధులత గుంజను వదలకుండా తల్లినే చూస్తోంది.

ఆ మౌనంలో ఇంకొక్క దెబ్బ వినిపించింది. చేల అవతల నుంచి కాదు, గట్టు మీద నుంచి కాదు. ఉప్పలమ్మ పక్కన, చేయి చాపితే తగిలేంత దగ్గర.

"అందరొచ్చిన్రు," అన్నది.

ఒక్కసారిగా డప్పులు లేచాయి. ఎకసెక్కాలాడిన కుర్రాళ్లే అందరికన్నా ముందు దుమికారు. డబ్బాలు, కంచాలు, గరిటెలు, కేకలు, ఈలలు. మధులత గుంజ వదిలి పరిగెత్తుకొచ్చి తల్లిని పట్టుకుంది, పసుపంతా తల్లి చీరకంటుకుంది. డప్పులవాళ్లు ఒక దరువు ముగించి ఇంకోటి ఎత్తుకునే సందులో, ఉప్పలమ్మ అలవాటు కొద్దీ చెవి పెట్టింది. చేల వైపు నుంచి ఏమీ రాలేదు. దరువు నడిచింది, మళ్లీ సందు వచ్చింది, మళ్లీ చెవి పెట్టింది. అప్పుడూ ఏమీ రాలేదు.

అప్పుడు ఆమె కూతురి భుజం మీద తల పెట్టి, అంత హాకాలోనూ ఊరందరికీ వినపడేలా, గట్టిగా ఏడ్చింది.